నూలక్క గూడు, చిలుక ఇచ్చిన రేకు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏరుంది, కొండుంది, పళ్ళచెట్లున్నాయి, పులి కూడా ఉంది. చదవడం వచ్చినవాళ్ళు మాత్రం ముగ్గురే.

అక్కడ వార్తలు రాసేవి సాలెపురుగులు. పులి ఏ పక్క తిరుగుతోంది, నేరేడు ఎక్కడ పండింది, ఏరు ఎంత పెరిగింది, అన్నీ గూళ్ళలో అల్లి కొమ్మలకి వేలాడదీసేవి. వాటిని చదివి అందరికీ వినిపించేవి మూడు పిట్టలు. చిలుక, గోరువంక, వడ్రంగిపిట్ట. మీరు ఫోన్‌లో పేజీ తెరిస్తే బ్రౌజర్ చేసేది ఈ పనే కదా. పేజీ ఎవరో రాస్తారు, బ్రౌజర్ దాన్ని చదివి మీ ముందు పెడుతుంది. ఆ అడవిలో బ్రౌజర్లంటే ఈ పిట్టలే అనుకోండి.

ఏటి ఒడ్డున నూలక్క అనే సాలెపురుగు ఉండేది. కింద పల్లంలో బొరియలు తవ్వుకున్న కుందేళ్ళకి నూలక్క గూడే దిక్కు. ఏరు పొంగిన వార్త వాటికి అందకపోతే ఇంక అంతే, పిల్లలతో సహా కొట్టుకుపోతాయి. అందుకే నూలక్కకి ప్రతిదీ అనుమానం. అల్లిన దారం మళ్ళీ లాగి చూసేది. వేసిన ముడి మళ్ళీ బిగించేది. మూడు పిట్టల చేతా చదివించుకుని, ఎవరు తడబడినా విప్పి మళ్ళీ అల్లేది.

ఒకరోజు చిలుక వచ్చి, మెరిసే అభ్రకం రేకు ఒకటి నూలక్క ముందు పెట్టింది. "అక్కా, దీన్ని గూడు మీద ఆనించి చూడు. తప్పున్న చోట ఎర్రగా మెరుస్తుంది. నీకు ఊరికే ఇస్తున్నా" అంది.

నూలక్క రేకు వంక చూడలేదు. చిలుక వంక చూసింది. "ఊరికే ఎందుకు?" అంది.

"నీ కష్టం చూడలేక" అని చిలుక నవ్వి ఎగిరిపోయింది.

అంత జాలి ఎప్పట్నించో! నూలక్కకి నమ్మకం కుదరలేదు. అయినా అబద్ధం చెప్పకూడదు, రేకు మంచిదే. పూటంతా వెతికితే దొరకని తప్పు చిటికెలో దొరికేది. దాంతో మిగతా సాలెపురుగులన్నీ ఎగబడి తలా ఒకటి తెచ్చుకున్నాయి. రేకులో ఎరుపు లేకపోతే పని అయిపోయినట్టే. ఇంక మూడు పిట్టల చేత చదివించడం ఎవరిక్కావాలి? చివరికి కొసముళ్ళు వెయ్యడం కూడా మానేశాయి. రేకు ఏమీ అనలేదు. చిలుకా ఏమీ అనలేదు. గడగడా చదివేసేది.

పాపం, మిగతా రెండు పిట్టలూ తడబడ్డాయి. అవి ఆగినప్పుడల్లా అడవంతా నవ్వింది. గోరువంక ఆ నవ్వులు పడలేక ఎటో వెళ్ళిపోయింది. వడ్రంగిపిట్ట ఒక్కటే మిగిలింది.

నూలక్కకి మనసులో ఏదో గుచ్చుతూనే ఉంది. నిన్నటిదాకా బాగా చదివిన పిట్టలకి ఇవాళ చదువు ఎలా పోతుంది? సరే చూద్దామని, తన గూట్లో ఒక ముడి కావాలనే విప్పేసింది. రేకు ఆనించింది. ఎరుపు లేదు. చిలుకని పిలిచింది. అది ఆగకుండా చదివేసింది. లేని ముక్కని తనే కలుపుకుంది! తర్వాత వడ్రంగిపిట్ట వచ్చి, ఒక్కొక్క దారమే ముక్కుతో తట్టుకుంటూ చదివి, సరిగ్గా అక్కడే ఆగింది.

"అక్కా, ఇక్కడ ముడి లేదు. ఇక్కడ ఏముండాలో నాకు తెలీదు" అంది.

నూలక్కకి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ తప్పు చదివేవాళ్ళదనుకుంటున్నారు, తప్పంతా గూళ్ళలోనే ఉంది! ఆ రేకు చూపించేది గూట్లో ఉన్న తప్పుల్ని కాదు. చిలుకకి అడ్డమొచ్చే తప్పుల్ని.

వెళ్ళి మిగతా సాలెపురుగులకి చెప్పింది. అవి విసుక్కున్నాయి. అందరూ వినేది చిలుకనే అయినప్పుడు ఆ నత్తనడక పిట్ట కోసం ఎవరు చేతులరగదీసుకుంటారన్నాయి. అడవికి పెద్దయిన ఎలుగుబంటి కూడా నూలక్కని పిలిపించి మందలించింది. అందరి గూళ్ళూ తెల్లారేసరికి సిద్ధంగా ఉంటే నీది మధ్యాహ్నమవుతోంది, తీరు మార్చుకోకపోతే ఏటి వార్తలు ఇంకొకరికి అప్పగిస్తానంది. నూలక్క ఇంటికొచ్చి ఏడ్చింది. ఇంకొకరంటే ఎవరు? ముళ్ళు వెయ్యనివాళ్ళే కదా.

సాయంత్రం వడ్రంగిపిట్ట వచ్చి, తనూ వెళ్ళిపోతున్నానని చెప్పింది.

"తమ్ముడూ, నువ్వు పోతే నా గూట్లో తప్పు నాకు చెప్పేదెవరు?" అంది నూలక్క. "రేపట్నించి అందరికన్నా ముందు నువ్వే చదవాలి."

"నేను నిదానం అక్కా. నా వల్ల నీ పని ఊడుతుంది."

"ఊడితే ఊడనీ. ఉన్నన్నాళ్ళూ ముళ్ళు వేసే అల్లుతాను."

వడ్రంగిపిట్ట ఆగిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి ముసురు పట్టింది. తెరిపి లేని వాన. ఒక పొద్దున్న ఏట్లోకి ఎర్రనీళ్ళు వచ్చాయి. సరిగ్గా ఆ పొద్దున్నే చిలుకకి గొంతు పూడుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు.

జంతువులన్నీ కొండకింద గుమిగూడాయి. కొండెక్కడానికి రెండు దారులు. ఏది బాగుందో ఎవరికీ తెలీదు. చుట్టూ గూళ్ళు బోలెడు వేలాడుతున్నాయి, అల్లిన సాలెపురుగులు మాత్రం వానకి ఎక్కడెక్కడో నక్కాయి. వడ్రంగిపిట్టని పట్టుకుని చదవమని బతిమాలాయి. అది ఒక గూడు తట్టింది, ఆగింది. ఇంకోటి తట్టింది, ఆగింది. మూడోదీ అంతే.

"ఏదో ఒకటి ఊహించి చెప్పు" అని గద్దించింది ఎలుగుబంటి. అప్పటికే దాని అడుగు తూర్పుదారి మీద ఉంది. పిల్లల్ని నోట కరుచుకుని కుందేళ్ళు దాని వెనకే నిలబడ్డాయి.

"ఊహించి చెప్పను పెద్దయ్యా. ప్రాణాలతో పని" అని వడ్రంగిపిట్ట ఆ పక్కనే కొమ్మకి వేలాడుతున్న నూలక్క గూటి దగ్గరికి ఎగిరింది. టక్, టక్ మంటూ ఒక్కొక్క దారమే తట్టింది. ఆ పూట ఎవరూ నవ్వలేదు. ఒక్క చోట కూడా ఆగకుండా చదివింది. "ఏరు పొంగుతోంది. పల్లం ఖాళీ చెయ్యండి. తూర్పుదారి జారిపోయింది. పడమటిదారిన పొండి."

ఎలుగుబంటి గబుక్కున అడుగు వెనక్కి తీసుకుంది. అందరూ పడమటిదారిన ఎక్కారు. కాసేపటికి పల్లమంతా నీళ్ళే, బొరియలు ఎక్కడున్నాయో కూడా తెలీలేదు. కొండమీద కుందేలమ్మ పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకుని, అన్నీ ఉన్నాయని తెలిశాక భోరుమంది.

వాన వెలిసింది. చిలుకకి గొంతు వచ్చింది. ఇంకో కొత్త రేకు పట్టుకొచ్చి, "అక్కా, ఇది మునుపటి దానికన్నా మంచిది. ఇదీ ఊరికే" అంది.

నూలక్క తీసుకుంది. మంచి పనిముట్టు వద్దనడమెందుకు? ముందువైపు చూసింది, తిప్పి వెనకవైపూ చూసింది. కొమ్మకి తగిలించింది. అప్పుడు పై కొమ్మకేసి తలెత్తి పిలిచింది.

"తమ్ముడూ, ముందు నువ్వు చదువు."

నీతి: ఒక్కరు బాగుందన్నంత మాత్రాన పని బాగున్నట్టు కాదు, నిదానంగా చదివేవాడు ఎక్కడ ఆగాడో అక్కడ మన ముడి చూసుకోవాలి.