బాతు బెంగ పేరు షిరూ

అనగనగా సముద్రం అంచున, ఉప్పుమడుల పక్కన, ఒక మడుగు. ఏటా చలికాలంలో ఉత్తరదేశపు బాతులు అక్కడ దిగి, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్ళిపోయేవి.

ఒక ఏడు రెక్క విరిగిన ఆడబాతు ఒకటి వెనకబడిపోయింది. రెక్క అతుక్కుంది గాని, అది మేత ముట్టడం మానేసింది. ఇక్కడి భాష దానికి రాదు. ఉత్తరం వైపు చూస్తూ ఒకటే మాట అనేది: "షిరూ."

మడుగులోని ముసలి తాబేలు నిదానయ్యకు ఆ మాట వింటే తిండి సయించేది కాదు. ఇలాగే పస్తులుంటే బాతు దక్కదు. ఏం కావాలో తెలిస్తే గదా ఇవ్వడానికి!

షిరూ అంటే చేపేనని కొంగ తేల్చేసి, ఒక చేప తెచ్చి పెట్టింది. బాతు మొహం తిప్పుకుంది. చేప కాదు, గూడని నీటికోడి తుంగ పరిచింది. బాతు అందులో కూర్చోలేదు.

నిదానయ్య ఏమీ తేలేదు. బాతు వెంట నడిచాడు.

"నీ నడకకి అర్థం దొరికేసరికి మడుగు ఎండిపోతుంది మామా," అంది కొంగ.

"ఎండనీ అల్లుడూ. అది ఆ మాట ఎక్కడ అంటుందో, నాకు అక్కడే పని."

ఒకనాడు బాతు తెల్లటి ఉప్పుకుప్పను చూసి, "షిరూ" అంటూ పరుగెత్తింది. ముక్కుతో తాకి, ఉస్సురని తిరిగొచ్చింది. మరొకనాడు రాతికింది ఊటలో కాళ్ళు పెట్టి, ఆ చల్లదనానికి కళ్ళు మూసుకుని, "షిరూ" అంది. కళ్ళు తెరిచి దిగులుపడింది. ఇంకోనాడు గాలికి బూరుగుదూది రాలుతుంటే దాని కింద రెక్కలు చాచి నిలబడింది. ఈసారీ "షిరూ" అంది.

తెల్లనిది. చల్లనిది. పైనుంచి రాలేది. దాన్ని మనం మంచు అంటాం. ఆ మడుగులో ఎవరూ దాన్ని చూసినవారు కారు.

నిదానయ్య రాలుతున్న దూదిని చూసి, ఊట వైపు చూసి, ఉత్తరానికి మెడ చాచి మెల్లగా అన్నాడు: "షిరూ. మీ ఊరు."

బాతు అతని వంక తిరిగింది. తరువాత వంగి, గడ్డి కొరికింది.

బలం వచ్చాక ఒక తెల్లవారుజామున ఎగిరిపోయింది. ఆ తరువాత బూరుగుదూది రాలినప్పుడల్లా నిదానయ్య, తాను ఎన్నడూ చూడని ఆ ఊరి మీద బెంగపెట్టుకునేవాడు.

తెలియని మాటకు అర్థం మన ఆకలిలో వెతికితే దొరకదు. పలికినవారి చూపు ఆగిన చోట వెతికితే దొరుకుతుంది.