నెలవంక రెక్కల కోసం

వానలు తగ్గుముఖం పట్టాయి. చిత్తడినేల నిండా జమ్ము తలలెత్తి నిలిచింది. గట్టు పొడవునా నీటిగొబ్బి పొదలు ఊదారంగు పూలతో, పసుపుపచ్చని ముళ్ళతో కంచె కట్టాయి. కాటుక అనే ముసలి గేదె ప్రతి ఉదయమూ ఆ పొదల ముందుకు వచ్చి, ఒక్కొక్క పూవునూ తేరిపార చూసేది. దాని ఎడమకంటికి నిరుడే పొర కమ్మింది. ఈ వర్షర్తువులో కుడికంటిలోనూ మంచు దిగసాగింది. ఆ మంచు చిక్కబడేలోగా తన తల్లి వర్ణించిన సీతాకోకచిలుకను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కళ్ళజూడాలని దాని ఆశ. అమావాస్య నలుపు రెక్కలట, రెక్కకొక తెల్లని నెలవంకట, ఆ నెలవంకకు నీలి అంచట!

ఈ సంగతి మృదుభాషి అనే నక్క పసిగట్టింది.

"కాటుకత్తా, ముళ్ళపొదల ముందు ఏమిటీ నిలువుకాళ్ళ తపస్సు?"

"నీకు తెలియనిదా అల్లుడూ! కన్ను పోయేలోగా దానికొక పండగ చేద్దామని."

"అయ్యో, ముందే చెబితే నేనే చూపించేవాణ్ణి కదా! నిన్న నీ సీతాకోకచిలుకను చూశాను, ఈ పొద నడుమ హాయిగా నిద్రపోతోంది. నేను పోదామంటే ముళ్ళాయె. నీ డెక్కలకు ముళ్ళొక లెక్కా? నాలుగడుగులు తొక్కి దారి చెయ్యి. చూపించే పూచీ నాది."

ఆశ ఉన్నచోట అనుమానానికి చోటెక్కడిది? కాటుక వెంటనే ముందరి కాలెత్తింది. అయితే మొక్క కనబడగానే మూతి ఆనించి, తనకంటే ముందు దాన్ని ఎవరు మేశారో చూసుకోవడం గేదె పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, అది ఆకును వాసన చూసింది. అంచు వెంట చంద్రవంకలుగా కొరికిన గుర్తులు! ఆవు కొరుకుడు కాదు, మేక కొరుకుడూ కాదు. ఆకు తిరగవేస్తే, ఒళ్ళంతా ముళ్ళతో నల్లని పురుగులు బారు తీరి మేస్తున్నాయి.

పొదలోంచి సన్నని గొంతు వినిపించింది. ఆ గొంతు ఎర్రముక్కు జమ్ముకోడి కెంపమ్మది.

"వదినా, నీకు దండం పెడతాను, ఆ కాలు దించకు! నా ఆరు గుడ్లూ నీ డెక్క కిందే ఉన్నాయి."

"ఇక్కడా పొదిగావు! మరి ఈ పురుగులను మింగకుండా ఎట్లా ఊరుకున్నావమ్మా?"

"ఊరుకున్నానా! ఒకదాన్ని నోట వేసుకుంటే మూడు రోజులు గొంతు మండిపోయింది. చీదరించుకుని వదిలేశాను. అలా వదిలేసినవే కాడలకు తలకిందులుగా వేలాడి, గూళ్ళలో దాగి, రెక్కలతో బయటికొస్తున్నాయి. ఎంత నలుపని! రెక్కకొక నెలవంక, వదినా!"

కాటుక దేనికోసం ఇన్ని ఉదయాలు నిలబడిందో దాన్నే తొక్కబోయింది! నక్కకు దారి ఎందుకు కావలసివచ్చిందో కూడా అప్పుడే తెలిసింది. కాటుక కాలు వెనక్కి తీసుకుని, గొంతు పెంచింది.

"అల్లుడూ, నేను అడుగేస్తే నేల అదిరి సీతాకోకచిలుక ఎగిరిపోతుంది. నీ నడకంత మెత్తని నడక ఈ గట్టు మీద ఎవరికుంది? ముందు నువ్వెళ్ళి చూసి రా. కుడివైపున ముళ్ళు పలచన. ఆ చోటు నాకు బాగా తెలుసు."

గుడ్ల వాసన అప్పటికే నక్క ముక్కుకు సోకింది. పొగడ్త తోడయ్యేసరికి కుడివైపుకు ఒక్క గంతు వేసింది. కాటుక వేసవి పొడుగునా పొర్లాడిన బురదగుంట అది. పైన పచ్చని నాచు కప్పుకుని నేలలా కనిపిస్తోంది. నక్క పొట్టదాకా దిగబడింది. అటూ ఇటూ ముళ్ళు.

"అత్తా, చచ్చానే! నీ తోక ఇటు వెయ్యి!"

"వేస్తాను. గుడ్ల జోలికి రానని ముందు ఒట్టు వెయ్యి."

"ఒట్టు! మా అమ్మ మీద ఒట్టు!"

కాటుక వెనుదిరగబోయి ఆగిపోయింది. నక్క తల మీది కాడకు వేలాడుతున్న గూడొకటి చిట్లింది. అందులోంచి ముడుతలు పడ్డ తడి రెక్కల సీతాకోకచిలుక మెల్లగా బయటికి వచ్చి, అందుబాటులో ఉన్న నక్క చెవిని పట్టుకుంది.

"కదలకు అల్లుడూ."

"ఇప్పుడేమైందే!"

"నీ చెవి మీద రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఊపిరి కూడా మెల్లగా తియ్యి."

"ఎంతసేపు?"

"ఎండ ఎక్కేదాకా. అది ఎగిరిపోయాక తోక వేస్తాను."

కాటుక తన కుడికన్నును ఆ చెవికి జానెడు దూరంలోకి తెచ్చింది. నలుపు విచ్చుకుంది. నలుపులో తెలుపు, తెలుపు చుట్టూ నీలం. కంటిలోని మంచు కూడా కాసేపు పక్కకు తప్పుకున్నట్టయింది.

పొట్టదాకా బురదలో ఉండి కూడా నక్క ఊరుకోలేకపోయింది. "చూపిస్తానన్నానా లేదా, అత్తా?"

"అన్నావు నాయనా. అన్న మాట నిలబెట్టుకున్నావు."

"నా చెవి మీద ఉన్నది నాకే కనబడదాయె! ఎట్లా ఉందో చెప్పవే!"

ఆ ప్రశ్న కాటుకకు వినబడలేదు.

అపురూపమైనదాన్ని వెదికేవారు ముందుగా తమ అడుగు ఎక్కడ పడుతోందో చూసుకోవాలి.