గానుగెద్దు నడిచిన అక్షరాలు

గోదావరి పాయల మధ్య ఒక లంక. అక్కడి జంతువులకి అన్నీ ఉన్నాయి, ఒక్క స్థిమితం తప్ప. వానాకాలంలో నీరు పెరిగి తగ్గినప్పుడల్లా ఇసుక కదిలిపోయేది. నిన్న హాయిగా నడిచిన చోటే ఇవాళ మునిగిపోవచ్చు. అందుకని కొంగలు ఎప్పటికప్పుడు పాయలో దిగి చూసి, ఒడ్డున పాతిన తాటిమొద్దుల మీద బంకమట్టితో పెద్ద పెద్ద అక్షరాలు రాసేవి. నడవదగ్గ చోట 'రేవు', దిగబడే చోట 'ఊబి'. చదువొచ్చినవాళ్ళు చదువుకుని దాటేవారు. రానివాళ్ళు ఎవర్నో ఒకర్ని బతిమాలుకునేవారు.

ఆ రానివాళ్ళలో గంగులు ఒకడు. ముసలి ఎద్దు. వయసంతా గానుగ చుట్టూ తిరిగి, ఇక లాగలేడని తేలాక ఈ లంకలో వచ్చి పడ్డాడు. పళ్ళు అరిగిపోయాయి, ముదురు గడ్డి నమలలేడు. లేత పచ్చికంతా పాయ అవతలే ఉంది. దాటితే తిండి, లేకపోతే పస్తు.

దాటించే పని చలమయ్య అనే నక్క చూసుకునేవాడు. తను చదివిపెడతాడట, గంగులు మొయ్యాలట, అదీ ఒప్పందం. రోజూ కాలు తడవకుండా ఎద్దు వీపెక్కి అవతలికి పోయి, పీతలు తిని, మళ్ళీ అదే వీపు మీద తిరిగొచ్చేవాడు. అంతటితో ఊరుకున్నాడా? మెల్లగా నడవమనీ, కుదుపులకి తిన్నది అరగడం లేదనీ దెప్పుళ్ళు కూడాను. ఎంత మర్యాదస్తుడో చూడండి.

ఒకరోజు చలమయ్య రాలేదు. ఎక్కడో విందు దొరికిందిట. గంగులు పొద్దుటినుంచీ తాటిమొద్దుల ముందు నిలబడే ఉన్నాడు. దారి కళ్ళెదుటే రాసి ఉంది, కడుపు మాడిపోతోంది. సిగ్గుతో, ఆకలితో ఏడుపొచ్చేసింది. మర్నాడే వెళ్ళి తాయారమ్మ బడిలో చేరాడు.

తాయారమ్మ తాబేలు. ఏటి ఒడ్డున తడి ఇసుక మీద రాసి, దూడలకీ మేకపిల్లలకీ చదువు చెబుతుంది. వాటి వెనకాల కొండంత ఎద్దు వచ్చి కూర్చునేసరికి పిల్లలు మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. గంగులు పట్టించుకోనట్టే కూర్చున్నాడు. నాలుగు నాళ్ళు పోయేసరికి రేవు, గడ్డి, నీరు, వాన అంటూ గడగడా అప్పజెప్పేస్తున్నాడు. నేనూ చదివేస్తున్నానని లోలోపల ఒకటే మురిసిపోయాడు పాపం.

ఒకనాడు తాయారమ్మ చదవమంది. గంగులు గొంతు సవరించుకుని రేవు, గడ్డి, నీరు, వాన అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. వంగి చూస్తే, అల వచ్చి రాతంతా ఎప్పుడో తుడిచిపెట్టేసింది. ఇన్నాళ్ళూ చదివింది ఇసుకని కాదు, పక్కవాళ్ళ గొంతుల్ని.

తాయారమ్మ నవ్వలేదు. పిల్లల్ని నీళ్ళు తాగి రమ్మని పంపించేసింది.

"నా బుర్ర ఆ గానుగలోనే నలిగిపోయిందమ్మా. రేపట్నుంచి రాను" అన్నాడు గంగులు తలెత్తకుండా.

"సరేలే. పోయేముందు ఒక్కసారి నా వెనకాల నడు" అంది తాయారమ్మ.

ఆవిడ డిప్ప ఈడ్చుకుంటూ గుండ్రంగా నడిచింది. ఇసుకలో చాలు పడింది. ఆ చాల్లోనే గంగులు నడిచాడు. ఏం నడిచావని అడిగితే, గానుగ అన్నాడు.

"దీన్నే సున్న అంటారు గంగులన్నా. నీకు ఎప్పుడో వచ్చు. మన అక్షరాలు చాలామట్టుకు తిరుగుళ్ళే. ఎక్కడ ఆగాలో, ఎటు మళ్ళాలో తెలియాలి, అంతే."

ఆ రోజునుంచి పిల్లలు వెళ్ళిపోయాక ఆవిడ ముందు, ఈయన వెనక. దారి తప్పితే ఆవిడ తప్పనేది కాదు, చెరిపేసి మళ్ళీ మొదటినుంచి నడిచేది. తొందరంటే ఏమిటో ఆవిడకి తెలీదు, గంగులుకి అదే కలిసొచ్చింది. నడవడం అయ్యాక నాలుగడుగులు వెనక్కి వచ్చి తను నడిచినదాన్ని చూసుకునేవాడు. 'ర' త్వరగానే వచ్చింది. 'బ' మాత్రం చాలా ఏడిపించింది. అయినా మానలేదు.

ఈ సంగతి చలమయ్య చెవిన పడింది. ఈ వయసులో ఈ తిప్పలెందుకు మావా, నేను లేనా అని పైకి జాలిపడ్డాడు. ఎద్దుకి చదువొస్తే తనకి వీపు పోతుందని లోపల భయం. ఎలాగూ పోయే వీపే కదా, ఎద్దే చస్తే మాంసమన్నా దక్కుతుందనుకున్నాడు.

మళ్ళీ నీరు పెరిగి తగ్గింది. చలమయ్య ఎప్పట్లాగే వీపెక్కి, గంగుల్ని ఒక మొద్దు దగ్గరికి నడిపించి, ఇదే రేవు, దిగమన్నాడు. ఎద్దు ముందుకాళ్ళు దిగబడగానే గట్టు మీదికి దూకేద్దామని వీపు చివరికి జరిగి కూర్చున్నాడు.

గంగులు కాలెత్తి ఆగాడు. నక్క చెప్పిన మాటే నోట్లోకి వచ్చేసింది, రేవు అని. కానీ ఈసారి గొంతుని నమ్మలేదు. మొద్దుకేసి చూస్తూ మొదటి అక్షరం గిట్టతో నేల మీద గీశాడు. 'ర' తిరిగే తిరుగుడు కాదిది. మళ్ళీ గీశాడు. ఊ. పక్కన తనని అన్నాళ్ళు ఏడిపించిన 'బ', నెత్తిన గుడితో. ఊబి! కానీ చెప్పొద్దూ, భయం కన్నా ముందు సంతోషమే వచ్చింది. చదివేశాడు.

వెనక్కి తిరిగి, తోకవైపు ఊబికి పెట్టి, మెల్లగా వెనకడుగు వేశాడు.

"అదేంటి మావా, అలా దిగుతున్నావు?"

"రేవే కదా. ఎటునుంచి దిగితేనేం?"

చలమయ్య కిందికి చూస్తే బురద బుడగలేస్తోంది. ముందుకి దూకుదామంటే అడ్డంగా కొమ్ములు.

"ఆగాగు. ఇంకోసారి చూడనీ."

"చూడు. కూడబలుక్కుని చదువు, తొందరేం లేదు."

"ఊ..."

"తర్వాత?"

"బి."

"కలిపి చదువు."

"ఊబి మావా, ఊబి" అని అరిచాడు చలమయ్య. అవతల మేస్తున్న గేదెలన్నీ తలెత్తి చూశాయి.

"బాగా చదివావు" అని గంగులు రెండడుగులు ముందుకి వేసి, నక్కని గట్టు మీద దులిపేశాడు. ఒడ్డు వెంట పోయి, ఇంకో మొద్దు చదువుకుని, ఒక్కడే అవతలికి దాటి కడుపునిండా మేశాడు. చలమయ్యకి ఆ తర్వాత ఎవరూ వీపివ్వలేదు. నడుముల్లోతు నీళ్ళలో తుమ్ముకుంటూ పీతల కోసం పోతూ వస్తూ ఉంటాడు.

మన బదులు చదివిపెట్టేవాడు మన వీపెక్కుతాడు, మనకి చదువు నేర్పేవాడు మనతో నడుస్తాడు.