ఎడమ చెవి వెనక పిడుదు

ఆ ఏడు ఎండలకి ఏటి ఒడ్డు బీడులో గడ్డి మాడిపోయింది. మిడతలు లేవు, కప్పలు లేవు. కొంగకి అలవాటైన పశువుల మంద పచ్చిక వెతుక్కుంటూ కొండల వైపు వెళ్ళిపోయింది. తుమ్మచెట్టు మీద గూట్లో ముగ్గురు పిల్లలున్నారు. నిన్నటి నుంచి వాళ్ళ నోట్లో ఏమీ పడలేదు. ఈ పూట కూడా పడకపోతే చిన్నది బతకదని కొంగకి తెలుసు.

ఆ పొద్దున ముక్కూ మొహం తెలియని గేదెల మంద ఒకటి బీడులోకి దిగింది.

"ఒంటినిండా నెత్తురు తాగే పిడుదులే! మనిద్దరికీ పని దొరికినట్టే," అంది గట్టు మీద కొంగ పక్కన వాలిన కాకి.

"వాళ్ళు మనల్ని ఎరగరు కదా బావా. ఏమని అడగను?"

"ఏముంది అడగడానికి? నా దగ్గర మాట తయారుగా ఉంది. ఎవరి దగ్గరికెళ్ళినా అదే. పదిమంది పొమ్మంటే పదకొండోవాళ్ళు రమ్మంటారు. నువ్విలా గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండు, నీ పిల్లలు ఎండిపోతారు."

ఆ మాట కొంగకి గుచ్చుకుంది. అయినా కదలకుండా మంద వైపే చూస్తూ ఉంది.

కాకి ఎగిరి వెళ్ళి, మందలో పెద్ద గేదె వీపు మీద వెనకనుంచి వాలింది.

"చల్లగా ఉండాలమ్మా! దూడ కులాసాయేనా? పిడుదులు తియ్యడంలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల..."

గేదె తోక విసిరి ఒక్కటిచ్చింది. కాకి దుమ్ములో పడింది.

"ఆవిడ దూడ పోయి నాలుగు రోజులే అయింది," అని పక్క గేదె మెల్లగా చెప్పింది.

"ఇక ఏ పిట్టా ఈ మంద మీద వాలడానికి వీల్లేదు," అంది పెద్ద గేదె.

కాకి నిర్వాకానికి కొంగ దారి కూడా మూసుకుపోయింది. కానీ గట్టు మీద అది ఊరికే కూర్చోలేదు. పెద్ద గేదె పొదుగు నిండి పాలు కారిపోవడం, పక్కన దూడ లేకపోవడం ముందే చూసింది. మాటిమాటికీ ఎడమ చెవి రాయికేసి రుద్దుకోవడం కూడా చూసింది.

ఎగరకుండా నడిచి వెళ్ళి, గేదెకి కనబడేలా ఎదురుగా, కాస్త దూరంలో నిలబడింది.

"అమ్మా, నేను ఆ తుమ్మచెట్టు మీద ఉంటాను. ఒక్క మాట అడుగుతాను, వద్దంటే వెళ్ళిపోతాను."

"ఏమిటి?"

"ఎడమ చెవి బాధపెడుతోందా?"

"కన్ను మూతపడ్డం లేదే," అంది గేదె.

"వెనక పిడుదు కరుచుకుని ఉంది. అదొక్కటీ తీసి దిగిపోతాను."

గేదె తల వంచింది. కొంగ నొప్పి తెలియకుండా దాన్ని లాగి, దిగి వెనక్కి నడిచింది.

"అప్పుడే వెళ్తున్నావేం? మెడనిండా ఉన్నాయిగా."

"నేనడిగింది ఒక్కదానికేనమ్మా."

గేదె దానివైపు పరీక్షగా చూసింది. "నా దూడ సంగతి నీకు తెలుసా?"

"తెలుసమ్మా. అందుకే ఆ మాట ఎత్తలేదు. నాకూ గూట్లో ముగ్గురున్నారు."

గేదె కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎక్కు తల్లీ. రేపూ రా," అంది.

ఇదంతా వింటున్న కాకి ఆ మాటలు పొల్లుపోకుండా వల్లించుకుంది. దుమ్ము దులుపుకుని పక్క గేదె ముందుకెళ్ళి నిలబడింది.

"అమ్మా, ఒక్క మాట అడుగుతాను, వద్దంటే వెళ్ళిపోతాను. ఎడమ చెవి బాధపెడుతోందా?"

గేదె తల తిప్పి చూపించింది. ఎప్పుడో కుక్కలు కొరికేసిన ఆ చెవి చోట ఎండిన మచ్చ ఒక్కటే ఉంది.

"వద్దు, వెళ్ళు," అంది.

ఆ సాయంత్రం తుమ్మచెట్టు మీద చిన్నది కడుపునిండా తిని నిద్రపోయింది.

కొత్తవారి గడప తొక్కేటప్పుడు వారి బాధ కనిపెట్టాకే నోరు విప్పాలి.