పైడిపెరటి తల్లికి పసుపు రామములగలు

పైడిపెరడు పొలిమేర దాటగానే భక్తుల కళ్ళు పెరళ్ళ మీదికి పోతాయి. ఇక్కడివారు టమాటాను రామములగ అంటారు. ఏ ఇంటి వెనుక చూసినా వెదురు కర్రలకు కట్టిన రామములగ మొక్కలే, వాటి నిండా పసుపుముద్దల్లాంటి పండ్లే. మాఘమాసపు ఆదివారాలలో ఆడవాళ్ళు ఆ పండ్లను చేటల్లో పేర్చుకుని, డప్పుల వెనుక ఇంచుమించు పరుగెడుతూ అమ్మవారి గుడికి వస్తారు. తొలిపండు తెచ్చిన ఇల్లాలి ముఖంలోని వెలుగు చూసి తీరవలసిందే. ఇంత సంబరం ఎలా మొదలయిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ జిల్లేడువలస అనే ఊరు ఉండేది. ఊరి పక్కన పారే గెడ్డకు ఒకసారి పెద్ద వరద వచ్చి అమ్మవారి గుడి కూలిపోయింది. విగ్రహం బురదలో ఎక్కడ కూరుకుపోయిందో ఎవరికీ తెలియలేదు. అది మొదలు మూడు తరాలపాటు ఊరివారు ఒట్టి పీటకు పసుపు రాసి, దానికే మొక్కుకుంటూ వచ్చారు.

ఆ ఊరికి తవిటమ్మ కోడలిగా వచ్చింది. భర్త గురువులు నెమ్మదైన మనిషి. అత్త ఆదమ్మది పెద్ద నోరు. తవిటమ్మకు మొక్కలంటే ప్రాణం. ఒక ఏడు సంతలో రామములగ నారు కొని పెరట్లో నాటింది. మొదళ్ళలో పొయ్యి బూడిద చల్లింది, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. మొక్కలన్నింటా కాయలు ఎర్రబడ్డాయి. గోడవార ఉన్న ఒక్క మొక్కకు మాత్రం ఒకే కాయ ముందుగా ముదిరి, పసుపురంగు తిరిగి, రోజురోజుకూ బంగారంలా మెరవసాగింది. తవిటమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అత్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది.

ఆదమ్మ చూస్తూనే రెండడుగులు వెనక్కు వేసింది.

"ఓలమ్మా, ఇదేటే! కామెర్ల పండులాగుంది!"

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఆ నెలలోనే ఊళ్ళో పలువురికి పచ్చకామెర్లు వచ్చాయి. ఇద్దరు పిల్లలు మంచం మీద నుంచి లేవలేకుండా ఉన్నారు. ఆదమ్మ మాట వీధి దాటింది. రోగం ఆ మొక్క నుంచే వచ్చిందని ఊరంతా నమ్మింది. గ్రామపెద్ద అప్పలసూరి నాయుడు, ఆదివారంనాడు మొక్కను పెకలించి గెడ్డ అవతల పారెయ్యాలని తీర్పు చెప్పాడు.

తవిటమ్మకు అన్నం సయించలేదు. ఆదివారం మిట్టమధ్యాహ్నం కోళ్ళు తొక్కకుండా మొక్క దగ్గర కాపలా కూర్చుని, గోడకు ఆనుకుని కునుకు తీసింది. కలలో ఒక స్త్రీ కనిపించింది. నుదుట రూపాయంత బొట్టు, మెడదాకా బురద. "తవిటీ, నా నెత్తిన నీడ వేసినావు. ఆ పండు భయపడకుండా తిను. నాకూ పెట్టు. గోడవార తవ్వించి నన్ను పైకి తియ్యి" అన్నది.

తవిటమ్మ ఉలిక్కిపడి లేచింది. అప్పటికే పెరటి గుమ్మంలో నాయుడు, వెనుక గునపాలతో ఊరి జనం!

"ఒక్క మాట వినండి బాబూ!" అంటూ ఆమె మొక్కకు అడ్డంగా నిలబడి కల చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు ఎదురు తిరిగారు. "విషమైతే ముందు నాకే తగులుద్ది" అని తవిటమ్మ పండు తెంపి, అందరూ చూస్తుండగా కొరికింది. ఆదమ్మ గుండెలు బాదుకుంది.  పసుపు రసం తవిటమ్మ మోచేతిదాకా కారింది.

ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, జనంలో ఉన్న భర్త వైపు తిరిగింది. "పులుపే నేదు! తియ్యగుంది మావా, తేనెలాగుంది!"

గురువులు ముందుకు ఉరికాడు. పక్కవాడి చేతిలోని గునపం లాక్కుని గోడవార పోటు వేశాడు. మట్టి మెత్తగా లేచింది. మొల లోతు దిగేసరికి ఖణేలుమని రాయి మోగింది. జనం గునపాలు పారేసి చేతులతోనే మట్టి తోడారు. ముందు కిరీటం, తరువాత విశాలమైన కళ్ళు, ఆపైన అభయహస్తం. "అమ్మోరు! మన అమ్మోరే!" అని ముసలివాళ్ళు ఏడ్చేశారు. నాయుడు తలపాగా తీసి నేల మీద సాగిలపడ్డాడు.

విగ్రహాన్ని పైకెత్తగానే ఆ గుంటలో స్వచ్ఛమైన ఊట పొంగింది. గెడ్డలోని మురికినీళ్ళు మాని ఊరు ఆ ఊటనీళ్ళకు అలవాటుపడ్డాక కామెర్లు తగ్గుముఖం పట్టాయి. మంచం పట్టిన పిల్లలిద్దరూ తేరుకున్నారు.

అయితే విగ్రహం బయటపడిన నాడే ఒక చిక్కు వచ్చింది. సంతోషంలో ఒళ్ళు తెలియని తవిటమ్మ, చేతిలో మిగిలిన సగం పండును అమ్మవారి ముందు పెట్టేసింది. ఎంగిలి నైవేద్యమా అని జనం గగ్గోలు పెట్టారు. మొక్కకు మరో పండు పండలేదు. తవిటమ్మ సిగ్గుతో తల వంచుకుంది. అప్పుడు ఆదమ్మే ముందుకు వచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"మనమంతా భయపడిన పండు అది. తల్లికి పెట్టే ముందు నా కోడలు తన పేణం అడ్డమేసి రుచి సూసింది. అది ఎంగిలెలాగవుద్ది?"

జనం చేతులు జోడించారు. ఆ సగం పండే అమ్మవారికి తొలి నివేదన అయింది. పెరట్లో వెలసిన ఆ బంగారుతల్లి పేరే ఊరికీ వచ్చి, జిల్లేడువలస పైడిపెరడు అయింది.

ఇతర క్షేత్రాలలో దేవుడికి పెట్టకముందు రుచి చూడరాదు. ఇక్కడ చూడకుండా పెట్టరాదు. తవిటమ్మ వంశంవారే నేటికీ పూజారులు. చేట అందుకునే ముందు వారు ప్రతి ఇల్లాలినీ "రుచి చూశావా తల్లీ?" అని అడుగుతారు. తెలియక వచ్చిన కొత్తవారు బెరుకుగా తల అడ్డంగా ఊపితే, గడప మీదే నిలబెట్టి పండు కొరికిస్తారు. చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొడతారు. డప్పులు జోరందుకుంటాయి. బూడిదలో ఆరబెట్టిన పసుపు రామములగ గింజలను ప్రసాదంగా ఇస్తారు. వాటిని పెరట్లోనో, చోటు లేనివారు కుండీలోనో నాటి, కాసిన తొలిపండును తీసుకుని మళ్ళీ రావడం ఆనవాయితీ. అలా వచ్చిన ఇంట ఆరోగ్యానికీ, అత్తాకోడళ్ళ మధ్య చెలిమికీ కొదవ ఉండదని భక్తుల నమ్మకం. తల్లి మీ పెరడునూ పండించుగాక!