తుంగమ్మ మూడు తాళ్ళు

అనగనగా ఒక అడవి, ఆ అడవి మధ్యలో మండువేసవిలో కూడా ఎండని ఒక మడుగు. ఆ మడుగు గట్టును కాపాడేది తుంగమ్మ అనే నీటికుక్క. ఈతలో దానికి సాటి లేదు. కోపంలోనూ లేదు.

గట్టు మీద మూడు తాళ్ళుండేవి. మొదటిది లాగితే చిన్న తూము తెరుచుకుని పిల్లకాలువలోకి తాగే నీళ్ళు వస్తాయి. రెండోది లాగితే పెద్ద తూము తెరుచుకుని నీళ్ళు కింది ఇసుకవాగులోకి దూకుతాయి. అది వరద వచ్చినప్పుడు గట్టు తెగకుండా ఉండటానికి. మూడోది లాగితే చేపలు బయటికి పోకుండా తడిక దిగుతుంది. తాడు లాగి గుంజకు కడితే తూము తెరిచే ఉంటుంది, విప్పితే మూసుకుంటుంది. ఇదంతా తుంగమ్మకు కంఠతా వచ్చు.

ఒక వేసవిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని తుంగమ్మకు కబురొచ్చింది. పురుడు పోయడానికి తల్లి వెళ్ళకపోతే ఎలా? పక్క అడవి నుంచి కొత్తగా వచ్చిన గుట్టయ్య అనే ఏనుగును పనిలో పెట్టింది. గుట్టయ్యకు బలముంది, చదువుంది, చెప్పింది చెప్పినట్టు చేసే గుణముంది. ఆ మడుగు సంగతి మాత్రం ఒక్క ముక్కా తెలియదు.

తుంగమ్మ హడావిడిగా మూడు తాటాకు ముక్కలు తెచ్చి, ఒక్కో తాడుకు ఒక్కో మాట రాసి కట్టింది. "నీళ్ళకు." "ఎక్కువ నీళ్ళకు." "తడికకు."

ఇసుకవాగులో గుడ్లు పెట్టుకున్న తాబేలవ్వ అది చూసి, "ఇంత పొట్టిగా రాస్తే ఎలాగే తుంగా? ఎప్పుడు లాగాలో, ఎప్పుడు లాగకూడదో కూడా రాయవే" అంది.

"అబ్బ, ఆ మాత్రం తెలియదా అవ్వా! అందరికీ తెలిసిందేగా!" అంటూ తుంగమ్మ నీళ్ళలోకి దూకి వెళ్ళిపోయింది.

మొదట కుందేళ్ళొచ్చి నీళ్ళడిగాయి. గుట్టయ్య మొదటి తాడు లాగాడు. కుందేళ్ళు కడుపారా తాగి వెళ్ళిపోయాయి. మళ్ళీ మూయమని ఎక్కడా రాసి లేదు. అందుకని మూయలేదు. సాయంత్రానికి వాటి బొరియలు బురదగుంటలయ్యాయి.

మర్నాడు జింకల మంద వచ్చింది. "చాలామందిమి వచ్చాం గుట్టయ్య మామా! ఎక్కువ నీళ్ళు కావాలి" అంది పెద్ద జింక. గుట్టయ్య తాటాకులు చదివాడు. రెండో దాని మీద "ఎక్కువ నీళ్ళకు" అని ఉంది. పట్టుకుని గట్టిగా లాగి గుంజకు కట్టాడు.

పెద్ద తూము భళ్ళున తెరుచుకుంది. నీళ్ళు ఇసుకవాగులోకి దూకాయి. వాటితోపాటు చేపలూ కొట్టుకుపోయాయి.

"అయ్యో, నా గుడ్లు!" అని తాబేలవ్వ కేక పెట్టింది. గుట్టయ్య ఆ కేక విని, పరుగున వెళ్ళి వాగుకు అడ్డంగా పడుకున్నాడు. జింకలు తాడు విప్పి తూము మూసేదాకా కదల్లేదు. గుడ్లు దక్కాయి. మడుగు మాత్రం సగమైపోయింది.

తిరిగొచ్చిన తుంగమ్మ అది చూసి అగ్గి మీద గుగ్గిలమైంది. "ఒళ్ళు పెరిగింది గాని బుద్ధి పెరగలేదు! పో, మా అడవిలోంచి పో!" అంది.

గుట్టయ్య తల దించుకున్నాడు. "నువ్వు రాసిందే చేశాను అత్తా. నీ మనసులో ఉన్నది నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస" అంది తాబేలవ్వ తుంగమ్మతో. "ఇప్పుడే అడవిలోకి అడుగు పెట్టినదానివి అనుకుని, నువ్వు రాసింది నువ్వే చదువు."

తుంగమ్మ చదివింది. "ఎక్కువ నీళ్ళకు." మళ్ళీ చదివింది. సిగ్గుతో దాని మీసాలు వాలిపోయాయి. కొత్తవాడు ఎవడైనా దాహంతో వచ్చిన మందకు ఆ తాడే లాగుతాడు!

ఆ పూటే పెద్ద తాటాకులు తెచ్చి రాయడం మొదలుపెట్టింది. రెండో తాడుకు ఇలా రాసింది: "ఇది వరదకు మాత్రమే. నీళ్ళు గట్టు పక్కనున్న నల్లబండ అంచు దాటితేనే లాగాలి. దాహానికి ఎంతమంది వచ్చినా లాగకూడదు, దానికి మొదటి తాడుంది. లాగే ముందు తాబేలవ్వకు చెప్పాలి, తడిక దించాలి. నీళ్ళు బండ కిందికి దిగగానే మూయాలి." మిగతా రెండింటికీ అలాగే రాసింది. రాసి ఊరుకోలేదు. గుట్టయ్య చేత చదివించింది, ఏం అర్థమైందో చెప్పించుకుంది. వాడు తడబడిన చోటల్లా మాట మార్చి రాసింది.

వానాకాలం వచ్చింది. మనవల్ని చూడటానికి తుంగమ్మ మళ్ళీ వెళ్ళింది. అది అక్కడుండగానే ఆకాశానికి చిల్లు పడింది. "నా గట్టు! అవ్వ పిల్లలు!" అని గుండెలు బాదుకుంటూ వరదకు ఎదురీది వచ్చింది.

వచ్చి చూస్తే గట్టు చెక్కుచెదరలేదు. తడిక దిగి ఉంది. పెద్ద తూములోంచి నీళ్ళు హోరుమంటూ పోతున్నాయి. అప్పుడే గుడ్లలోంచి బయటపడిన తాబేలు పిల్లలు గుట్టయ్య వీపు మీద కూర్చుని వరదను వేడుకగా చూస్తున్నాయి. పక్కనే తాబేలవ్వ ఉంది. గుట్టయ్య నల్లబండ మీంచి కళ్ళు తిప్పడం లేదు.

"భయమెయ్యలేదట్రా?" అంది తుంగమ్మ ఒగరుస్తూ.

"భయమెందుకత్తా? నువ్వు ఇక్కడే నిలబడి చెప్తున్నట్టుంటేనూ!" అన్నాడు గుట్టయ్య.

తుంగమ్మకు కళ్ళు చెమర్చాయి. నీళ్ళు బండ కిందికి దిగాయి. తూము మూయమని చెప్పబోయి, నోరు మూసుకుంది. గుట్టయ్య అప్పటికే తాడు విప్పేశాడు.

నీతి: పని అప్పగించేటప్పుడు నీకు తెలిసినదంతా ఎదుటివాడికీ తెలుసనుకోకు. ఏది, ఎప్పుడు, ఎందాకా చేయాలో, ఏది చేయకూడదో విడమరిచి చెప్పు.