ఎండా నీడా కట్టుకున్న ముంగిస

ఒకప్పుడు ముంగిస తెల్లగా ఉండేది. మామూలు తెలుపు కాదు. అప్పుడే పగిలిన పత్తికాయలోంచి తొంగిచూసే దూదంత తెలుపు. ముక్కు దగ్గర మొదలై తోక చివరిదాకా ఎక్కడా ఒక్క మచ్చ ఉండేది కాదు. అప్పటికి దానికి పేరు కూడా లేదు.

అంత అందం ఉండి ఏం లాభం? పచ్చగడ్డిలో దాక్కుంటే కనబడిపోయేది. ఎర్రమట్టి మీద పరుగెడితే కనబడిపోయేది. ఎక్కడో మబ్బుల దగ్గర తిరిగే గద్దకైతే వెతికే పనే లేకుండా కనబడేది. గద్ద రెక్కలు ముడిచేది, రాయిలా కిందికి దూకేది. అంతే సంగతులు.

అలా కొండ మీది తెల్లజీవాలు ఒక్కొక్కటే గద్ద వాత పడ్డాయి. మిగిలినవి బొరియల్లోంచి తల బయటపెట్టడమే మానేశాయి. లోపల చీకట్లో, ఆకలికి చిక్కి సగమైపోయాయి.

ఆ కొండ కిందే పోలమ్మ ఇల్లు. పోలమ్మ వెదురు గంపలు అల్లేది. అల్లడమంటే అలాంటిలాంటి అల్లడం కాదు. ఆమె గంపలో నువ్వులు పోసుకుని ఊరంతా తిరిగొచ్చినా ఒక్క గింజ జారేది కాదు. అల్లికలో ఎక్కడైనా ఆవగింజంత సందు కనబడిందో, మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెట్టేది.

"సందున్న గంప నా సేతిలోంచి బయటికెల్తే నా సెయ్యి నరికేసుకుంటాను" అనేది.

"నరుక్కో, నరుక్కో. మరి రేపట్నుంచి కూడెవులు వొండుతారే?" అని ఆటపట్టించేవాడు మొగుడు అప్పలకొండ.

ఒకరోజు పొద్దున్నే పోలమ్మ ముంగిట్లో ఆరబెట్టిన వెదురు బద్దలు తీస్తోంది. బద్దల కింద ఏదో తెల్లగా కదిలింది. గాలికి కొట్టుకొచ్చిన దూది కాబోలనుకుని చేతిలోకి తీసుకుంది. దూది వెచ్చగా ఉంది! దూదికి రెండు కళ్లున్నాయి!

అరచేతిలో దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. ఆ అదురు పోలమ్మ మోచేతిదాకా పాకింది. ఇంత బుల్లి ఒంట్లో అంత గట్టి గుండె ఎలా పట్టిందో ఆమెకు అర్థం కాలేదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఎవులే నువ్వు? మీ అమ్మేది?" అని అడిగింది చివరికి.

"అమ్మని గద్ద ఎత్తుకుపోనాది" అంది ఆ పిల్ల సన్నటి గొంతుతో.

"నీ పేరేటి?"

"పేరా? అదేటి?"

పోలమ్మకు గుండె కరిగిపోయింది. "ముంగిట్లో దొరికినావు కాబట్టి నువ్వు ముంగిసవి. ఇయ్యాల్టి నుంచి నా పిల్లవి" అంది.

అప్పలకొండ వచ్చి చూశాడు. "బాగానే ఉంది గానీ, ముంగిస ఏటి తింటాదే?" అన్నాడు.

"నానెరుగుదునేటి మావా? ఆ పేరెట్టి ఇంకా నాను గుక్కెడు నీల్లయినా తాగలేదు" అంది పోలమ్మ.

కొత్త జీవాన్ని పెంచడం ఎలాగో తెలియనప్పుడు తెలిసినవాళ్లని అడగాలి కదా. పోలమ్మ మేకను అడిగింది. "రేగాకులు పెట్టు. ముళ్లు తియ్యకు, రుచంతా వాటిలోనే ఉంది" అంది మేక. ముంగిస రేగాకు వాసన చూసి గట్టిగా తుమ్మింది. గేదెను అడిగితే "కుడితికి మించిన తిండి లేదమ్మా" అంది. ముంగిస కుడితి గోలెంలోకి వంగి చూడబోయి బుడుంగున అందులోనే పడింది. దాన్ని తీసి, కడిగి, తుడిచి ఆరబెట్టేసరికి పోలమ్మకు మధ్యాహ్నమైంది.

చివరికి కోడిని అడిగింది. "నూకలు చల్లి చూడు" అంది కోడి దర్జాగా. ముంగిస నూకల వైపు కన్నెత్తి చూడలేదు. మెల్లగా కోడి వెనక్కి వెళ్లింది. అక్కడ గడ్డిలో గుడ్డు కనబడింది. రెండు ముందుకాళ్లతో గుడ్డు పట్టుకుంది, రుబ్బురోలు వైపు వీపు పెట్టి నిలబడింది, వెనక కాళ్ల సందులోంచి గుడ్డును వెనక్కి విసిరింది. టప్! గుడ్డు పగిలింది. ముంగిస ఎంచక్కా నాకేసింది.

"ఓలమ్మో, ఓలమ్మో! సలహా ఇచ్చిన పాపానికి నా కొంపే ముంచింది!" అని కోడి గుండెలు బాదుకుంది.

పోలమ్మ, అప్పలకొండ పడీ పడీ నవ్వారు. ఆ విద్య దానికి ఎవరు నేర్పారు? అమ్మ లేదు, అయ్య లేడు. ఎవరూ నేర్పకుండానే ఇంత పిల్లకు అంత ఒడుపు ఎక్కడినుంచి వచ్చిందా అని నవ్వు ఆగాక ఇద్దరూ ఆశ్చర్యపోయారు.

అప్పుడే ముంగిలి మీదుగా ఒక నల్లటి నీడ జారుకుంటూ పోయింది. పోలమ్మ తల పైకెత్తింది. గద్ద!

గబుక్కున తన గంపల్లో అన్నిటికన్నా గట్టి గంప తెచ్చి ముంగిస మీద బోర్లించింది. "ఇప్పుడు సూడు! గద్ద కాదు కదా, గాలి కూడా దీన్ని ముట్టుకోలేదు" అంది గర్వంగా.

నిజమే. ఆ గంపలోకి గాలి కూడా దూరలేదు.

మొదట్లో ముంగిస లోపలే గంతులేసింది. తర్వాత తర్వాత గంతులు తగ్గాయి. గుడ్డు పెడితే వాసన చూసి వదిలేసింది. తెల్లటి ఒళ్లు మాసిన గుడ్డలా తయారైంది. ఎప్పుడు గంప ఎత్తి చూసినా ముడుచుకుని పడుకునే ఉండేది.

పోలమ్మ దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఆ గుండె చప్పుడు కోసం చెవి ఆనించి వెతుక్కోవలసి వచ్చింది.

"ఏటైందే నా తల్లీ?"

"సీకటిగా ఉందమ్మా" అంది ముంగిస. అంతకుమించి మాట్లాడే ఓపిక దానికి లేదు.

"బొరియలోనూ సీకటే, నీ గంపలోనూ సీకటే. మరి దాన్ని తెచ్చి మనం సేసిందేటే పోలీ?" అన్నాడు అప్పలకొండ.

ఆ మాట పోలమ్మకు సూటిగా తగిలింది. వెంటనే ముంగిసను ఎండలో దించింది. ఎండ తగలగానే అది లేచి నిలబడింది. ఒళ్లు విరుచుకుంది. ఒక గంతు వేసింది, పక్కకి ఇంకో గంతు వేసింది, వంకర్లు తిరుగుతూ ఆడటం మొదలుపెట్టింది. కళ్లు మిలమిలా మెరిశాయి. పోలమ్మ ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరంలో ఆమె పైకి చూడటం మరిచిపోయింది.

రివ్వున చప్పుడైంది. పోలమ్మ ముంగిస మీద బోర్లా పడింది. గద్ద గోళ్లు ఆమె భుజాన్ని చీరేశాయి. ఒక్క రెప్పపాటు ఆలస్యమై ఉంటే ముంగిస ఉండేది కాదు.

గద్ద ఎగిరి ఇంటి కొప్పు మీద కూర్చుంది. దానికి కోపం లేదు, తొందర అసలే లేదు. "పోలమ్మా! ఎంతకాలం దాస్తావు? గంప కింద ఉంటే అది బెంగతో చస్తుంది. ఎండలోకి వస్తే నా నోట్లోకి వస్తుంది. నేనెక్కడికీ పోను. రోజూ వస్తుంటాను" అని చెప్పి ఎగిరిపోయింది.

పోలమ్మ ముంగిసను మళ్లీ గంప కింద పెట్టి, పక్కనే కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి ఆకాశం వైపు చూసింది.

"ఓ సూరిబాబూ! లోకమంతా తిరుగుతావు. నా పిల్ల దగ్గరికి ఒక్కపాలి రాలేవా?"

సూర్యుడు కొండ మీదినుంచి కిందికి చూశాడు. "రోజూ వస్తూనే ఉన్నాను పోలమ్మా. చెట్ల ఆకుల్లోంచి దూరతాను. తలుపు సందుల్లోంచి దూరతాను. పాడుబడ్డ బావి అడుగుదాకా దిగుతాను. కానీ నీ గంప చుట్టూ ఎంత తిరిగినా దారి దొరకదు. నాకే దారివ్వని అల్లిక లోకంలో నీదొక్కటే" అన్నాడు.

ఇంకోనాడైతే ఆ మాటకు పోలమ్మ ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. ఆ రోజు సిగ్గుతో తల దించుకుంది.

గంప కిందినుంచి నీడ కూడా మాట్లాడింది. "దాచడం వరకే నాకు చాతనవును తల్లీ. బతికించడం నా ఒక్కదాని వల్ల కాదు" అంది.

పోలమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. కత్తి తీసి వెదురు చీల్చింది. కొత్త గంప మొదలుపెట్టింది. ఈసారి కావాలనే సందులు వదులుతూ అల్లింది.

అనుకున్నంత సులువా అది! పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి సందులు మూసిన వేళ్లవి. ఆమె వదిలిన చోటల్లా వాటంతటవే బద్దను దగ్గరికి లాగేస్తున్నాయి. పోలమ్మ విప్పింది. మళ్లీ అల్లింది. మళ్లీ మూసుకుపోయింది. చివరికి ఎడమచేతి బొటనవేలు సందులో దూర్చి ఉంచి, దాని చుట్టూ అల్లుకుంటూ పోయింది. వేలు ఒరుసుకుపోయి మండుతున్నా తియ్యలేదు.

అప్పలకొండ వచ్చి చూసి అదిరిపడ్డాడు. "పోలీ, ఇదేటే? దీన్నిండా సందులే!"

"ఉండనీ మావా" అంది పోలమ్మ.

అప్పలకొండ ఈసారి ఆటపట్టించలేదు. పక్కన కూర్చుని బద్దలు చీల్చి అందించాడు.

మిట్టమధ్యాహ్నం వేళకి గంప పూర్తయింది. పోలమ్మ పాత గంప తీసి, కొత్త గంప ముంగిస మీద బోర్లించింది. సందుల్లోంచి ఎండ లోపలికి దిగింది. బద్దల కింద నీడ నిలిచింది.

ఎండ వస్తే నీడ లేచిపోతుంది. నీడ వస్తే ఎండ తప్పుకుంటుంది. అవి రెండూ అలా ఒకే చాప మీద పక్కపక్కన కూర్చోవడం అంతకుముందు పోలమ్మ ముంగిట్లో ఎవరూ చూడలేదు. ముంగిస తెల్లటి ఒంటి మీద ఒక ముక్క వెలుగు, ఒక ముక్క చీకటి, మళ్లీ వెలుగు, మళ్లీ చీకటి. సూర్యుడు కాస్త జరిగితే ఆ ముక్కలు కూడా కాస్త జరుగుతున్నాయి. ఒక్కో వెంట్రుకనూ ముందు ఎండ పలకరిస్తోంది, తర్వాత నీడ పలకరిస్తోంది.

కోడి అరవడం మరిచిపోయింది. మేక నములుతున్న నోరు ఆపేసింది. అప్పలకొండ చేతిలో కత్తి చేతిలోనే ఉండిపోయింది. గట్టిగా ఊపిరి తీస్తే ఎండా నీడా చెదిరిపోతాయేమోనని పోలమ్మకు భయం వేసింది. లోపల ముంగిస కడుపునిండా గాలి పీల్చుకుంటూ హాయిగా నిద్రపోతోంది.

సూర్యుడు పడమటి వైపు వాలాడు. గంపలో వెలుగు ముక్కలు పక్కకు జరిగిపోయాయి. ముంగిస ఒంటి మీదివి మాత్రం జరగలేదు.

పోలమ్మ గంప ఎత్తింది. వెలుగు అక్కడే ఉంది, చీకటీ అక్కడే ఉంది. కొంగుతో తుడిచింది, పోలేదు. ఒక వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. మొదట్లో నీడ, ఆపైన ఎండ, ఆపైన మళ్లీ నీడ, కొసన మళ్లీ ఎండ. ఆ ఒక్క వెంట్రుకలో ఒక పూటంతా ఉంది!

అంతలో ముంగిలి మీద నల్లటి నీడ మళ్లీ జారింది. గద్ద వచ్చేసింది! పోలమ్మ గంప బోర్లించేలోపే ముంగిస ఆమె చేతిలోంచి జారి ఎండుగడ్డిలోకి దూకింది.

దూకింది, లేదు.

పోలమ్మ కళ్లు దాని మీదే ఉన్నాయి. రెప్ప కూడా వెయ్యలేదు. అయినా గడ్డి ఉంది, గడ్డి మీద ఎండ ఉంది, గడ్డి కింద నీడ ఉంది. ముంగిస లేదు!

రాయిలా దూకుతున్న గద్ద సగం దారిలోనే రెక్కలు విప్పుకుని ఆగింది. గడ్డి మీద తిరిగింది. తిరిగి తిరిగి అలిసిపోయింది.

"ఎక్కడ దాచావు పోలమ్మా?" అని అరిచింది.

"నాను దాచలేదు. నాకూ కనబడ్డం లేదు" అంది పోలమ్మ.

ఆ గొంతులో అబద్ధం లేదని గద్దకు తెలిసిపోయింది. ఆకలిగా కొండ దాటి వెళ్లిపోయింది.

"ముంగిసా! ఏడున్నావే?" అని పోలమ్మ గడ్డిలో మోకాళ్ల మీద పాకుతూ వెతికింది.

"ఇక్కడే ఉన్నానమ్మా" అని ఆమె చేతి పక్కనే వినిపించింది. చల్లటి ముక్కు ఆమె వేలికి తగిలింది. అప్పుడు గానీ ఆమెకు కనబడలేదు. పోలమ్మ ఏడుస్తూ నవ్వింది.

"అమ్మా, మావోల్లు కొండ మీద బొరియల్లో ఉన్నారు. నా ఒంటికి ఒల్లు రాసుకుంటే ఈ ఎండా నీడా ఆల్లకీ అంటుకుంటాయేమో. ఎల్లనా?" అని అడిగింది ముంగిస.

గంప పోలమ్మ చేతిలోనే ఉంది. బోర్లిస్తే ముంగిస ఎప్పటికీ తనదే. ఒక్క క్షణం చెయ్యి లేచింది కూడా. గుడ్డు పెట్టి, ఒళ్లు తుడిచి, గద్ద గోళ్లకు అడ్డం పడి పెంచుకున్న పిల్ల అది. వదలాలంటే ప్రాణం పోతున్నట్టుంది.

పోలమ్మ గంపను వెల్లకిలా తిప్పి పక్కన పెట్టేసింది. "ఎల్లిరా తల్లీ" అంది.

గడ్డి కొసలు కొండ వైపు వరసగా కదిలాయి. కాసేపటికి అవీ కదలడం మానేశాయి. అప్పలకొండ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. చీకటి పడేదాకా ఇద్దరూ కొండనే చూశారు.

అప్పటినుంచే ముంగిస ఒంటి మీద ప్రతి వెంట్రుకా కాస్త నీడ, కాస్త ఎండ, మళ్లీ కాస్త నీడ, మళ్లీ కాస్త ఎండ కట్టుకుని ఉంటుంది. మన కంచెల్లో, గడ్డివాముల పక్కన, దొడ్డి గోడల వెంట తిరుగుతూనే ఉంటుంది. అయినా మనం ఎంత వెతికినా కనబడదు. దానంతట అది కదిలినప్పుడే కనబడుతుంది.